గోదాంలో ఎర్ర తాబేలు

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో తిరుమలరావు బ్యాటరీ షాపు ముందు పది నిమిషాలు నిలబడిన ఎవరైనా రెండు సంగతులు తెలుసుకుని వెళ్తారు. ఒకటి, కరెంటును ఎవరు కనిపెట్టినా సరే, దాన్ని డబ్బాలో పెట్టి నిలవ చెయ్యడం మాత్రం తిరుమలరావే కనిపెట్టాడు. రెండు, వాళ్ళు తెచ్చిన బ్యాటరీ సాయంత్రానికి గానీ అవదు.

తిరుమలరావు తొమ్మిదో తరగతిలో బడి మానేశాడు. "నాను మానీలేదు. నా ఎనకాల పరిగెట్టలేక బడే ఆగిపోనాది" అంటాడు. తండ్రి నెల్లిమర్ల జూట్ మిల్లులో కార్మికుడు. కొడుకునూ అక్కడే పెట్టాలనుకున్నాడు గానీ, కొడుకు విజయనగరం పారిపోయి లారీలకు వైరింగు చేసే ఒక మేస్త్రీ దగ్గర చేరాడు. యాసిడ్ పడి నాలుగు చొక్కాలు, రెండు లుంగీలు, ఎడమ చేతి మీద కొంత తోలు పోయాక పని వచ్చింది. పనితో పాటు కథలూ వచ్చాయి.

ఒక తుఫానుకి పద్దెనిమిది రోజులు కరెంటు పోతే, పదకొండు లారీ బ్యాటరీలు వరసగా కలిపి సినిమా హాలు ఆడించాడట. చివరి ఆటకి చార్జి దిగిపోయి, హీరో డైలాగు మొదలెడితే అది ముగిసేలోపు జనం బయటికెళ్ళి సోడా తాగి వచ్చేవారట. ఇంకోసారి తను చార్జి పెట్టిన బ్యాటరీ నూతిలో పడి, మూడేళ్ళకి పైకి తీసి ట్రాక్టరుకి తగిలిస్తే ఒక్క సెల్ఫ్‌కే ఇంజను అందుకుందట. ఆ నూతి నీళ్ళు తాగిన గేదె పొదుగు ముట్టుకుంటే ఆర్నెల్ల పాటు సన్నగా షాకు కొట్టేదట.

"ఆ గేదిని నాను సూడలేదు గానీ, ఈ గేదిని ఇరవయ్యేళ్ళ నుంచి మేపుతన్నాను" అనేది భార్య గౌరి, అన్నం క్యారేజీ కౌంటరు మీద పెడుతూ.

ఇన్ని కథల మధ్య తిరుమలరావు బతుకులో ఒక నిజమైన కారు ఉంది. అది నరసింగరావు షావుకారి గోదాంలో ఉండేది.

నరసింగరావుది మూడు తరాల గోనె సంచుల వ్యాపారం. ప్లాస్టిక్ సంచులొచ్చాక గోనె పని తగ్గుతూ తగ్గుతూ, చివరికి గోదాంలో పాత కట్టలు కొన్ని, లక్ష్మీదేవి పటం ఒకటి, కారొకటి మిగిలాయి. కారు షావుకారిది కాదు, కొడుకు మోహనకృష్ణది. పద్దులు తప్ప ఏ సరదా ఎరగని మనిషి, నలభయ్యో ఏట విశాఖపట్నంలో ఎవరో అమ్మేస్తున్న రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. నేలకి జానెడు ఎత్తు. చీపురుపల్లి చేరేలోపు ముప్పయ్యేడు స్పీడు బ్రేకర్లు వచ్చాయని, ప్రతి దాని దగ్గరా దిగి, వెంట తెచ్చుకున్న రెండు చెక్క పలకలు టైర్ల ముందు వేసి, ఎక్కి, దాటి, మళ్ళీ దిగి పలకలు తీసుకున్నాడని ఊళ్ళో చెప్పుకుంటారు. ముప్పయ్యేడు అన్న లెక్క తిరుమలరావుదే కాబట్టి అందులో సగం తీసెయ్యొచ్చు. పలకలు మాత్రం నిజం. ఇంకా గోదాంలోనే ఉన్నాయి.

వేగానికి చేసిన కారు అంత నెమ్మదిగా ఊరు చేరేసరికి, దానికి తాబేలు అని పేరు పడిపోయింది.

అది ఆషాఢ మాసం. కొత్త బండికి పూజ ఆషాఢంలో చెయ్యకూడదు, శ్రావణం రానీ అన్నాడు నరసింగరావు. శ్రావణం వచ్చేసరికి మోహనకృష్ణ కాళ్ళు వాచాయి. చెప్పులు పట్టడం లేదని మొదలైంది, విజయనగరం ఆసుపత్రిలో రెండు కిడ్నీలూ పోయాయని తేలింది. మన వైపు ఈ మాట కొత్తది కాదు. ఎవరింట్లో వింటే వాళ్ళకే కొత్త. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, డయాలసిస్. పూజ లేకుండానే కారు గోదాంలోకి వెళ్ళింది.

నడవని కారుకి ముందు చచ్చేది బ్యాటరీ. అందుకని ప్రతి శుక్రవారం పొద్దున్న తిరుమలరావు వచ్చేవాడు. తను సొంతంగా చుట్టుకున్న రాగి తీగ చార్జరు మోపెడ్ మీద తెచ్చి, బ్యానెట్ ఎత్తి, ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు తగిలించేవాడు. రెండు గంటలాగి ఇంజను స్టార్టు చేసి, టైర్లు ఒక్కచోటే నొక్కుకుపోకుండా నాలుగడుగులు ముందుకీ, నాలుగడుగులు వెనక్కీ నడిపి ఆపేసేవాడు. ఆ ఎనిమిదడుగుల ప్రయాణం చూడ్డానికి మోహనకృష్ణ కుర్చీ వేయించుకుని కూర్చునేవాడు. డయాలసిస్ అయిన మర్నాడు అతనికి కొంచెం ఓపిక ఉండేది.

"కంపెనీ చార్జరు తెప్పిస్తాను తిరుమలరావూ. తగిలించి వదిలేస్తే దాని పని అదే చూసుకుంటాదట" అన్నాడొకసారి.

"కంపినీ వోడికి ఏటి తెలుసు బాబూ, మన కరెంటు సంగతి. ఈ చార్జరు నా సేత్తో సుట్టింది. దీని గాలి తగిల్తే సాలు, సచ్చిన బేటరీ లేచి కూకుంటాది."

"అయితే నన్ను కూడా దానికే తగిలించు. ఆసుపత్రి ఖర్చు తప్పుతాది."

ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడే మోహనకృష్ణ ఎడమ చెయ్యి చాపి, మణికట్టు పైన ఉబ్బిన నరం మీద వేలు పెట్టమన్నాడు. డయాలసిస్ సూదుల కోసం రెండు నరాలు కలిపి కుట్టిన చోటు అది. తిరుమలరావు వేలు పెట్టి వెంటనే తీసేశాడు. లోపల సన్నగా, ఆగకుండా, ట్రాన్స్‌ఫార్మర్ మోగినట్టు మోగుతోంది.

"అది మోగుతున్నంత కాలం పరవాలేదన్నమాట" అన్నాడు మోహనకృష్ణ.

తిరుమలరావు వంగి క్లిప్పులు విప్పి, చార్జరు మోపెడ్ మీద కట్టుకున్నాడు.

నాలుగేళ్ళు అలా గడిచాయి. నాలుగో మాఘంలో మోహనకృష్ణకి ఒక కోరిక పట్టుకుంది. కారుని తనే నడిపి శ్రీకూర్మం తీసుకెళ్ళాలి, కూర్మనాథస్వామి ముందు పూజ చేయించాలి, ఆ తర్వాత ఎవరికైనా అమ్మెయ్యాలి. పూజ లేని బండి ఇంట్లో పెట్టినందుకే ఇదంతా అని తండ్రి నాలుగేళ్ళుగా లోపల్లోపల నలిగిపోతున్నాడని అతనికి తెలుసు. అమ్మేముందు ఆ ఒక్క మాటా తండ్రి గుండెలోంచి తీసెయ్యాలని అతని ఆశ.

"స్వామి తాబేలు, నా కారూ తాబేలే. చుట్టపుచూపుగా వెళ్ళొస్తాం" అని భార్య సుహాసినిని ఒప్పించాడు. డాక్టరు వద్దన్నాడు. బతిమాలితే, డయాలసిస్ మర్నాడు, ఎండెక్కకముందు, పక్కన మనిషిని పెట్టుకుని, మెల్లగా అయితే సరే అన్నాడు. ఎండలు ముదిరితే ఇక ఓపిక ఉండదని మోహనకృష్ణే రెండు వారాల తర్వాతి శుక్రవారం ఖాయం చేశాడు. పక్కన కూర్చునేది తిరుమలరావు.

"ఒక్క సెల్ఫ్, బాబూ. రెండోసారి తాళం తిప్పితే నా పేరు మార్సీండి" అన్నాడు తిరుమలరావు. ఆ మాట షాపు ముందు కూడా అన్నాడు. ఊరందరికీ తెలిసింది.

ఇంక పదకొండు రోజులుందనగా, సోమవారం నాడు, మామూలు కంటే ముందే సిద్ధం చేద్దామని గోదాంకి వెళ్ళాడు. మోహనకృష్ణ ఆసుపత్రిలో ఉన్నాడు. షావుకారొక్కడే వచ్చి తాళం తీశాడు. తిరుమలరావు క్లిప్పులు తగిలించి ఇంకా చెయ్యి తుడుచుకోలేదు, జేబులో ఫోను మోగింది. నెల్లిమర్ల దగ్గర ఊళ్ళో ఉన్న పెదనాన్న జగన్నాధం పొద్దున్నే పోయాడు.

తండ్రికి సొంత అన్న. పదకొండు రోజుల మైల. కబురు చెవిన పడిన నిమిషం నుంచే లెక్క. లక్ష్మీదేవి పటం ఎదురుగా ఉంది. తిరుమలరావు ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతులూ ఒంటికి దగ్గరగా ముడుచుకుని, దేన్నీ తాకకుండా పక్కకి పక్కకి నడిచి రోడ్డు మీదికొచ్చేశాడు. క్లిప్పులు కారుకే ఉండిపోయాయి.

"మైలొచ్చింది షావుకారు గారూ. నానింక లోపలికి రాకూడదు. అవి అలగే ఉండనీండి, నెమ్మదిగా తాగుతాది. మెయిన్ ఒక్కటీ దించకండి."

"దించనులేరా. నువ్వు నడు, పెద్దాయన కార్యం చూసుకో" అన్నాడు నరసింగరావు గోదాం గుమ్మం లోపలే నిలబడి.

గోనె గోదాంకి నిప్పంటే ఎంత భయమో ఆ వ్యాపారం చేసిన వాళ్ళకే తెలుసు. ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే నలభయ్యేళ్ళుగా నరసింగరావుకి ఒక వరస ఉంది. సాయంత్రం లక్ష్మి ముందు దీపం పెట్టడం, దీపం కొండెక్కేదాకా కూర్చోవడం, బల్బు ఆర్పడం, గోడ మీది పెద్ద మెయిన్ స్విచ్ కిందికి లాగడం, షట్టరు దించి తాళం వెయ్యడం. వ్యాపారం పోయినా వరస పోలేదు. మర్నాడు సాయంత్రం దీపం పెట్టేదాకా మెయిన్ మళ్ళీ పైకి లేవదు.

ఆ పదకొండు రోజులూ తిరుమలరావు ఫోనులోనే మోహనకృష్ణకి ధైర్యం చెప్పాడు. "ఇన్ని రోజుల సార్జీ తాగి, మీ తాబేలు మదమెక్కిన ఏనుగైపోయుంటాది బాబూ. సక్రం గట్టిగా అట్టుకోవాల."

గురువారం శుద్ధి స్నానం అయింది. శుక్రవారం ఏడున్నరకి గోదాం ముందుకొచ్చాడు. నరసింగరావు కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, నాలుగు నిమ్మకాయలున్న సంచి పట్టుకుని నిలబడ్డాడు. మోహనకృష్ణ తలంటుకుని, తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. చొక్కాలో మనిషి సగమే ఉన్నాడు గానీ మొహం బాగుంది. సుహాసిని గట్టు మీద కూర్చుంది.

షట్టరు ఎత్తారు. మోహనకృష్ణ తాళంచెవి మీద బొత్తాం నొక్కాడు. కారు కన్ను కొట్టలేదు. మళ్ళీ నొక్కాడు.

తిరుమలరావు కారు వంక చూడలేదు. గోడ వంక చూశాడు. మెయిన్ పిడి కిందికి ఉంది. అక్కణ్ణుంచి షావుకారి వంక చూశాడు. నరసింగరావు కూడా ఆ పిడినే చూస్తున్నాడు.

సొంత చార్జరుకి ఒక గుణముంది. అది తిరుమలరావుకి తెలుసు, ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. కరెంటు ఉంటే బ్యాటరీకి పోస్తుంది. లేకపోతే బ్యాటరీలోంచి తనే తాగుతుంది. అందుకే తను దగ్గర లేనప్పుడు ఎప్పుడూ తగిలించి ఉంచేవాడు కాదు. కంపెనీ చార్జరైతే మెయిన్ దించినా ఊరుకునేది.

"ఏటయ్యింది?" అన్నాడు మోహనకృష్ణ.

"కొంచెం నిద్దరోయినాది బాబూ. లేపుతాను."

తాళంచెవిలో దాచిన ఇనప చెవితో తలుపు తీశాడు. లోపల ఒక్క దీపం వెలగలేదు. షాపుకెళ్ళి లారీ బ్యాటరీ తేవాలి. "మీరు ఇంటికెల్లి కూకోండి బాబూ, గంటలో కబురెడతాను" అన్నాడు. మోహనకృష్ణ వినలేదు. ఇప్పుడు ఇంటికెళ్తే మళ్ళీ రానివ్వరని అతనికి తెలుసు. తలుపు పట్టుకుని, నడుం వంచి, ఆ లోతు సీట్లోకి దిగి కూర్చున్నాడు. దిగడానికే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు.

మోపెడ్ మీద వెళ్ళి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. లారీ బ్యాటరీ కలిపితే దీపాలు వెలిగాయి, సెల్ఫ్ మాత్రం టక్కుమని ఊరుకుంది. రెండోసారీ టక్కు. కారు బ్యాటరీ ఎంత ఎండిపోయిందంటే, పోసినదంతా అదే పీల్చేస్తోంది. ఆగాలి. గంటన్నర ఆగారు. మధ్యలో తిరుమలరావు నూతిలో బ్యాటరీ కథ మొదలెట్టాడు. సగంలో ఎవరూ వినడం లేదని గమనించి ఆపేశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు కొందరు నిలబడ్డారు.

"తిరుమలరావూ, పేరు మార్సీమంటావేటి?" అన్నాడొకడు.

"మార్సీ" అన్నాడు తిరుమలరావు తల ఎత్తకుండా.

పదింపావుకి ఇంజను అందుకుంది. గోదాం రేకులు అదిరాయి. నరసింగరావు పూజ సంచి పక్క సీట్లో పెట్టాడు. మోహనకృష్ణ రెండు చేతులూ చక్రం మీద పెట్టి, మెల్లగా కారుని ముందుకి కదిపాడు. ముందు టైర్లు షట్టరు గీత దాటి ఎండలోకొచ్చాయి. అక్కడ ఆపాడు. చాలాసేపు కదల్లేదు.

"తిరుమలరావూ," అన్నాడు, "ఊపిరందట్లేదు."

లోతు సీట్లోంచి అతన్ని పైకి లాగడానికి ముగ్గురు మనుషులు కావలసి వచ్చింది. లాగేటప్పుడు ఎడమ చెయ్యి తిరుమలరావు చేతిలో ఉంది. మణికట్టు పైన మోత ఉంది, వినీ వినపడనంత. ఆటోలో విజయనగరం తీసుకుపోయారు. తిరుమలరావు కారుని వెనక్కి తోసి, షట్టరు దించాడు. నిమ్మకాయల సంచి సీట్లోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం షాపులో చార్జరు విప్పి, ప్రతి తీగా చూశాడు. కరెంటు పెట్టి బల్బు తగిలిస్తే బల్బు భగ్గున వెలిగింది. గౌరి పక్కనే నిలబడి చూసింది.

"బాగానే ఉన్నాది కదేటయ్యా."

"కాలిపోనాది" అన్నాడు తిరుమలరావు. బల్బు ఆర్పేసి, కత్తెర తీసి, తను చుట్టిన రాగి తీగని తనే తుంచేశాడు.

గౌరి మొగుడి మొహంలోకి చూసి, కత్తెర తీసి సొరుగులో పెట్టింది.

మర్నాటి నుంచి అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ అదే చెప్పాడు. తన చార్జరు మొదటి రోజే కాలిపోయిందని, బ్యాటరీని తనే చంపాడని. ఊరు వెంటనే నమ్మింది. అతను చెప్పిన వాటిలో ఇంత తొందరగా నమ్మిన మాట మరొకటి లేదు. "నూతిలో మూడేళ్ళున్న బేటరీ పని సేసింది గానీ, గోదాంలో పదకొండ్రోజులున్నది సెయ్యలేదేటి" అని నవ్వారు. ఇద్దరు లారీ ఓనర్లు వేరే షాపుకి మారారు.

మోహనకృష్ణ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు గానీ మంచం దిగలేదు. తిరుమలరావు చూడ్డానికి వెళ్తే సైగ చేసి దగ్గరికి పిలిచాడు.

"చార్జరు కాలిపోయిందన్నావట."

"అవును బాబూ. నాదే తప్పు."

"నువ్వు తప్పొప్పుకోడం నేనెప్పుడూ వినలేదు. అందుకే నమ్మబుద్ధి కావట్లేదు." అలిసిపోయి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "నాన్న దగ్గర మాత్రం ఆ మాట మీదే ఉండు."

తర్వాత గేదె కథ చెప్పమన్నాడు. తిరుమలరావు చెప్పాడు. షాకు ఆర్నెల్లు కాదు, ఏడాదన్నాడు. మోహనకృష్ణ మొహంలో నవ్వు లాంటిదేదో కదిలింది.

ఫాల్గుణం ఇంకా సగముండగానే అతను పోయాడు. ఒక బుధవారం.

మూడోనాడు శుక్రవారం. తిరుమలరావు చొక్కా వేసుకోవడం చూసి గౌరి గుమ్మానికి అడ్డం నిలబడింది. "మైలింటికి పని మీదెల్తారేటయ్యా ఎవలైనా. పదకొండు దాటనీ."

"దాటనిస్తే ఏటవుతాదో ఒకపాలి సూసేను" అన్నాడు.

షావుకారింటి పెరటి వైపు నుంచి వెళ్ళి గోదాం తాళాలడిగాడు. లోపల చుట్టాలు వింతగా చూశారు. నరసింగరావే తాళాలు తీసుకుని, చెప్పుల్లేకుండా, వెంట నడిచాడు. మైల కాబట్టి రెండ్రోజులుగా లక్ష్మి ముందు దీపం లేదు. తిరుమలరావు సంచిలోంచి కొత్త కంపెనీ చార్జరు తీశాడు. బ్యానెట్ ఎత్తి, క్లిప్పులు తగిలించి, మెయిన్ పైకి లేపాడు. చార్జరు మీద చిన్న పచ్చ దీపం వెలిగింది. సీట్లో నిమ్మకాయలు ఎండి గోళీల్లా అయ్యాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

ముసలాయన గోనె కట్ట మీద కూర్చున్నాడు.

"తిరుమలా. ఆ వేళ నా చెయ్యే కదరా."

"కాదు షావుకారు గారూ. మీరు మెయిన్ దించినా, దించకపోయినా ఒకటే. నా సార్జరు సోమారమే కాలిపోనాది. లోపలంతా బొగ్గు. ఇప్పి సూసేను."

"నువ్వు దించొద్దన్నావు. నేను సరేనన్నాను. సాయంత్రం దీపం కొండెక్కగానే చెయ్యి దానంతటదే పోయింది. రోజూ పోయింది."

"పోతే పోనాది. అందులో ఏటీ లేదు. నా సార్జరే సెడ్డది."

నరసింగరావు నమ్మినట్టు తలూపాడు. లేచి, అలవాటుగా బల్బు ఆర్పాడు. అలవాటుగానే చెయ్యి మెయిన్ పిడి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. పిడి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నలభయ్యేళ్ళ నిప్పు భయం ఆ చేతిలో ఉంది. కాసేపటికి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, చెయ్యి వెనక్కి తీసుకుని, పంచెకి తుడుచుకున్నాడు.

ఇద్దరూ బయటికొచ్చి షట్టరు దించారు. కింద వేలెడు సందులోంచి పచ్చ వెలుగు సన్నగా గట్టు మీద పడింది.

"ఇది ఇలాగే వెలుగుతాదా?" అన్నాడు నరసింగరావు.

"వెలుగుతాది, షావుకారు గారూ."

"ఎన్నాళ్ళు?"

ఏది అడిగినా ఒక పెద్ద అంకె చెప్పే తిరుమలరావు, వంగి తాళం వేస్తూ ఉండిపోయాడు.